ఏడో నెంబరు రేకు

బ్ర్నోలో ఫిబ్రవరి. రాత్రి పదకొండు.
కిటికీ కింద ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా
బల్ల మీద గ్లాసులో టీ వణుకుతుంది.
నేను రెండొందల పద్నాలుగు శబ్దాలకి
తండ్రిపేర్లు వెతుకుతున్నాను.

డ్రమ్ములు వాయించే ప్రోగ్రామది.
ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు,
మార్చుకోవచ్చు, పక్కవాడికి పంచొచ్చు.
కోడులో ప్రతి ఫైలు నెత్తినా ఆ మాట రాసే ఉంది,
రాసినవాడి పేరుతో, ఏడాదితో,
చేనుకి పాతిన హద్దురాయిలా.

శబ్దాల ఫోల్డర్లో మాత్రం
ఒక్క చీటీ. రెండే వాక్యాలు.
"ఇవి అక్కడా ఇక్కడా దొరికినవి.
ఇబ్బందేమీ ఉండదనుకుంటా."

అనుకుంటా!
ఆ ఒక్క మాట మీద
పదిహేడేళ్ళుగా ఎంతమంది పాటలు కట్టుకున్నారో.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కొక్కటే విన్నాను.
కొన్ని కంపెనీ సరుకే, వినగానే తెలిసిపోతుంది,
ఇస్త్రీ చొక్కాల్లాంటి దెబ్బలు,
ముందూ వెనకా ఒక్క ముడత ఉండదు.
వాటిని తీసెయ్యడానికి నా వేలు తడుముకోలేదు.

ఏడో నెంబరు రేకు దగ్గర ఆగిపోయాను.
పల్చటి రేకుని ఎవరో గట్టిగా కొట్టారు.
ఆ మోత చల్లారుతూ చల్లారుతూ ఉండగా
అడుగున, బాగా అడుగున,
ఒక మనిషి ముక్కు ఎగపీలుస్తాడు.
జలుబు చేసిన మనిషి.
పక్కగది తలుపు వెయ్యలేదు కాబోలు,
రేడియోలో వాతావరణమో, పొటాషు ధరలో.

"దారిన పోయే దానయ్య ముక్కు చీదితే
దానికీ పర్మిషనా?" అన్నాడు రదోవాన్.
"ఎవడొచ్చి అడుగుతాడు?"
అడగడానికి ఎవరూ రాకపోతే
అది నాదైపోతుందా, అన్నాను.
వాడు తన సిగరెట్టు వెలిగించుకోవడానికి
నా లైటర్ అడిగి తీసుకున్నాడు.

మూడు వారాలకి జవాబొచ్చింది.
బోహుస్లావ్ హ్రబాలెక్. ఒపావాలో లిఫ్టులు బాగుచేస్తున్నాడట.
"క్వెటా గారూ, పాత పాపం తవ్వుతున్నారు.
సగం నేను కొట్టినవే:
గిన్నెలు, మెట్లు, మా ఆవిడ కుట్టుమిషను పెట్టె.
రేకు మాత్రం బీరుకొట్లో ఒకతను
క్యాసెట్టు మీద ఇచ్చాడు.
అందరూ నత్త అని పిలిచేవాళ్ళు.
అసలు పేరు అడగాలని అప్పుడు ఎవరికి తోచింది?
వాడుకో అన్నాడు.
వాడుకో అన్నాడో, విను అన్నాడో.
అక్కడ గోలగా ఉంది."

అత్త సొమ్ము అల్లుడు దానమని వినేవున్నాం.
ఇది నత్త సొమ్ము.

తీసేశాను.
ప్రోగ్రాముతో వచ్చే నమూనా పాటలో
ప్రతి నాలుగో దెబ్బ దగ్గర
ఊడిన పన్ను సందులా ఒక ఖాళీ.
నాలుక ఊరికే అక్కడికే పోతుంది.

ఆదివారం పొద్దున వంటింట్లో
కేకుల ట్రే తలకిందులుగా పట్టుకుని
చెక్క గరిటెతో ఇరవై రెండు సార్లు కొట్టాను.
కింది వాటా ముసలాయన చీపురుకర్రతో
తన కప్పు మీద జవాబు చెప్పాడు.
ఇరవై మూడోది కుదిరింది.
చివర్లో మాత్రం, మోత చల్లారే చోట,
ట్రాము గంట.

కత్తిరించబోయి, వదిలేసి, చీటీ రాశాను:
"ఈ దెబ్బ నాది. క్వెటా జావడిలోవా, బ్ర్నో.
ఎవరైనా తీసుకోండి, దేనికైనా వాడుకోండి.
వెనక వినిపించే గంట నాలుగో నెంబరు ట్రాముది.
డ్రైవరు పేరు అడగలేదు."

పాత రేకు నా దగ్గరే ఉంది,
ఎక్కడికీ పంపని ఫోల్డర్లో.
పని ముగిసిన రాత్రుళ్ళు ఒకసారి నొక్కుతాను.
మోత. మోత తగ్గడం. ముక్కు ఎగపీల్చడం.
విను అనే అన్నాడేమో.
వింటున్నాను.