నాలుగో మలుపు

మెస్తియా బడికి దిగే దారిలో
నాలుగో మలుపు దాటేసరికి
వెనక సీట్లలో పిల్లలంతా నిద్రపోయేవాళ్లు.
స్టీరింగ్ మీద నా చెయ్యి అంత మెత్తనని
చలికాలమంతా చెప్పుకు తిరిగాను.

లిలే ఒక్కతే అంది:
"ముర్తాజ్ మామా, నీ బండిలో
ఆరిన దీపం వాసన."

నాకు ఏ వాసనా తెలీదు.
ముప్పై ఏళ్ల పెట్రోలు నా ముక్కును ఎప్పుడో మింగేసింది.

సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి చెవి ఒగ్గాను.
బుస వినబడలేదు.
గొట్టం కీళ్లకు సబ్బునీళ్లు పూశాను,
ఒక్క బుడగా లేవలేదు.
సాయంత్రం జోకియాని నడపమని
లిలే కూర్చునే చోట
సన్న కొవ్వొత్తి పట్టుకుని ముడుచుకు కూర్చున్నాను.

వెనక తలుపులోంచి ఎవరో ఊదినట్టు
జ్వాల ముందుకు వంగింది.
రబ్బరు అంచు బంగాళాదుంప బస్తాలకు నలిగి
ఒకచోట వేలెడంత తెగిపోయింది.
బయటికి పంపిన పొగే
వెనక్కి తిరిగి లోపలికి దూరుతోంది.

ఆ బస్తాలు ఎక్కించింది నేనే.

కొత్త రబ్బరు వేసి మూడు రోజులు.
ఇవాళ నాలుగో మలుపు దగ్గర
బెజాన్ ఎవరి టోపీయో కిటికీలోంచి విసిరేశాడు.
ఏడుపు, తిట్లు, ఒకటే గోల.
బండి ఆపి మంచులోకి దిగాను.

టోపీ వెంటనే కనబడింది.
ఇంకాసేపు వెతికాను.