చుట్టకుదురు

చెయ్యెత్తితే చాలు
రెక్క ఎముక కింద టక్‌మని చప్పుడు,
గొళ్ళెం సరిగ్గా పడని తలుపులాగ.
"వింటివా సార్?" అని
మళ్ళీ ఎత్తి వినిపించాడు పెంచలయ్య,
ఊరినుంచి తెచ్చిన వస్తువేదో చూపించినంత ఇష్టంగా.

ఖైతాన్‌లో పాత మేడలకు గ్యాసు బండలు వేస్తాడు.
పదకొండేళ్ళుగా ఎడమ భుజమే.
కుడిచేత్తో మెట్ల కమ్మీ పట్టుకోవాల గదా అంటాడు.
లిఫ్టు తలుపు మీద అంటించిన కాగితం
తాను కువైట్‌లో దిగిన ఏటిది,
రంగు వెలిసింది, ఊడలేదు.
'పనిచేయదు' అన్న ఆ ఒక్క ముక్కే
తను నేర్చిన అరబ్బీ చదువు.

స్కాన్‌లో పక్కటెముకల మీద ఒక నీడ,
అనపగింజ ఆకారం, అరచెయ్యంత.
కుడివైపు కూడా ఉంది, బొటనవేలంత.
దాని సంగతి ఇప్పుడొద్దు అన్నాడు డాక్టర్ ముతసిం.

"నీ భాషవాడే గదా, నువ్వే చెప్పు."
నాది చిట్వేలు, అతనిది పెనగలూరు,
భాష ఒకటే గానీ మాట దొరకలేదు.
గడ్డ అంటే జడుసుకుంటాడు.
కణితి అంటే ఇంకా.
ఎలాస్టోఫైబ్రోమా అన్నాను చివరికి,
పలికేసరికి నాకే సగం ఊపిరి అయిపోయింది.
ప్రాణానికేం కాదు, చాలా అరుదు అన్నాను.
అరుదు అంటే ఏందని అడగలేదు,
"అకామా కొట్టేస్తారా?" అని మాత్రం అడిగాడు.

బోర్లా పడుకోబెట్టాం.
వెడల్పాటి వీపు కండను
నారవెంబడే చీల్చాడు డాక్టర్.
నేను కొక్కెం వేసి రెక్క ఎముకను పైకెత్తి పట్టుకున్నాను,
నలభై నిమిషాలు,
నా భుజం నన్ను తిట్టుకుంటుండగా.

పొర లేదు దానికి.
ఎక్కడ మొదలో ఎక్కడ చివరో
వేలు పెట్టి అడిగి తెలుసుకోవాల్సిందే.
అడుగంటిన సంగటిలా
పక్కటెముకల మీద కరుచుకుని ఉంది.
ఆ కింద ఉల్లిపొరంత పలచన,
దాని కింద ఊపిరి,
లేస్తూ, దిగుతూ.
ఎవరమూ మాట్లాడలేదు కాసేపు.

ట్రేలోకి వచ్చాక చూశాను.
బూడిద తెలుపు, రబ్బరు పట్టు,
లోపల పసుపు చారలు మెలికలు మెలికలుగా.
ఎక్కడో చూశాను దీన్ని.

మా అమ్మ మేస్త్రీ పనికి పోతూ
పాత చీర పేలికను మెలిపెట్టి, చుట్టి,
నెత్తిన పెట్టుకునేది,
దాని మీద సిమెంటు గమేళా.
ఇంటికొచ్చి చీలకు తగిలించేది,
మరుసటి పొద్దున మళ్ళీ తీసేది.
తీసి తగిలించే వీల్లేనిది ఇది.
పైన ఎవరూ ఏమీ వేయలేదని
ఒళ్ళే కూర్చుని పేనుకుంది
ఎముకకూ ఎముకకూ నడుమ,
పీచు తర్వాత పీచు,
మెట్టు తర్వాత మెట్టు.

అరుదట. పుస్తకాలు అంటాయి.
ఆ పుస్తకాలు బండ మోసుకుని
నాలుగో అంతస్తుకు ఎక్కలేదు.

మూడోరోజు.
పక్కన గొట్టంలో నీరు ఎరుపు తగ్గి లేతబడింది.
చూపించమన్నాడు; ల్యాబుకు పోయింది,
నా ఫోనులో ఫోటో చూపించాను.
"ఎంత తూగింది?"
మూడు వందల పది గ్రాములు.
నవ్వాడు, కుట్లు లాగి ఆపాడు.
"ఇంతేనా. దీనికి ఇంత రభసా."

బరువెత్తొద్దు, మూడు నెలలు,
ఎడమ చెయ్యి తలకంటే పైకి పోగూడదు.
డాక్టర్ చెప్పిందంతా చెప్పాను.
తల ఊపుతూ విన్నాడు.
కట్టుకున్న ఎడమ చేతిని ఒకసారి చూసుకుని
"కుడి భుజం ఉండాదిలే సార్" అన్నాడు,
మెల్లగా, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

"ఏమంటున్నాడు?" అడిగాడు డాక్టర్ ముతసిం.

మీకు దండం పెడుతున్నాడు అన్నాను.