దూది విల్లు

ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక సందు.
హుస్సేనప్ప హార్మోనియం రిపేరీ అంగడి.
ఒక్కొక్క రీడునూ కోడి ఈకతో తుడుస్తూ
"నాటకం పెట్టెలన్నిటికీ ఒకటే రోగం సార్,
గాలి కంటే దూది ఎక్కువ మింగుతాయి" అంటాడు.

నా సెల్లులో ఒకటుంది, వినిపించనా అన్నాను.
"ఎవురిది?"
ఇటలీ దేశం. నాలుగు వందల ఏండ్ల కిందటిది.
వాళ్ల పురాణంలోంచి పద్యాలు తీసుకొని
ఒకాయన రాగం కట్టినాడు.
"పురాణమా! అయితే మనోళ్లే" అన్నాడు,
ఈక మాత్రం ఆపలేదు.

మొదట కథ చెప్పేవాడి గొంతు ఒక్కటే.
పాటా కాదు, మాటా కాదు.
"యతి కాడ ఆగుతాండాడే!"
యతి కాదప్పా, వాళ్లది వేరే లెక్క.
"ఏదో ఒగటి. ఊపిరి యాడ తీసుకోవాల్నో తెలిసినోడు."

ఆ తర్వాత గుర్రం. రాత్రి.
ఇనుప టోపీల కింద ముఖాలు లేని ఇద్దరు.
తీగలన్నీ ఒకే స్వరాన్ని పట్టుకున్నాయి
వదలవు
అదే స్వరం అదే స్వరం అదే స్వరం
పదహారు దెబ్బలు, మళ్లీ పదహారు
రాగమంటూ ఏమీ లేదు
రోషం తప్ప.

ఈక ఆగింది.

"ఇది మా నాయిన" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మా నాయిన విల్లు సార్. నరం తీగె, కొయ్య సుత్తి.
కోసిగి, ఎమ్మిగనూరు, ఇల్లిల్లూ తిరిగి
పరుపుల దూది ఏకేటోడు.
పొద్దుగూకులూ ఒకటే స్వరం.
నాకు శ్రుతి తెలిసింది ఆడనే.
పదారేండ్లప్పుడు నన్ను పెట్టె ముందర కూకోబెడితే
యుద్ధం పద్యానికి నేనూ ఇట్లనే కొట్టినా,
ఒక్క మెట్టు మీద, ఏలు నొప్పి పుట్టేదాకా.
రాజేసం కట్టినాయప్ప పద్యం ఆపేసి
'రాగం తియ్‌రా అంటే దూది ఏకుతావేంరా' అన్నాడు.
జనమంతా నగినారు.
మళ్లా కొట్టలా."

మిల్లు చప్పుడు కాసేపు మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"ఈయప్పను గూడా నగినారా?"

నగినారంట. వాయించేవాళ్లే, మొదట్లో.
ఒకే స్వరం ఇన్నిసార్లేమిటని.

"ఆఁ" అన్నాడు,
తలుపు సందులోంచి గాలి వచ్చినంత చిన్నగా.

అసలు కథ ముందుంది హుస్సేనప్పా,
గెలిచినోడు టోపీ తీసి చూస్తాడు,
చచ్చేది ఎవరో అప్పుడు తెలుస్తుంది,
గొంతు ఎట్లా దిగుతుందో వినాల…

వినలేదు.
గురువారానికి ఇవ్వాల్సిన పెట్టె దగ్గరికి లాక్కున్నాడు.
తిత్తి ఊపిరి పోసుకుంది.
మంద్రంలో ఒక్క మెట్టు.
వేలు లేస్తోంది, పడుతోంది,
వణుకుతున్న వేలే, తాళం మాత్రం వణకలేదు.
బల్ల మీది స్క్రూలు చిందులేశాయి.
రీడ్లలో ఇరుక్కున్న దూది
పోగులు పోగులుగా పైకి లేచింది.

సైరన్ మోగింది.
షిఫ్టు దిగిన పిల్లోళ్లు
తల నిండా తెల్లదూదితో, ముసలోళ్ల మాదిరి
సందులోంచి పోతున్నారు.
ఒకడు ఆగి తల లోపలికి పెట్టాడు:
"పెట్టె బాగైందా తాతా?"

"ఇంకా లేదు" అన్నాడు
కొడుతూనే.