మందు అనే మాటకు మరాఠీ

సిరొంచ కచేరీ ముందు అర్జీలు టైపు చేసేవాణ్ణి.
తెలుగు విని మరాఠీలో రాసే మనిషి కావాలని
ఠాణా వెనక గదిలో కూర్చోబెట్టారు.
కాగితానికి నలభై రూపాయలు. చాయ్ వాళ్లదే.

క్వారీలో పేలుడు సామాను పోయిన కేసు.
అనుమానం జాడి ఓదేలు మీద.
అరవై రోజులు వినొచ్చని పైనుంచి ఉత్తరువట.
నేను చూడలేదు. ఉందన్నారు.

ఓదేలు దగ్గు నాకు తెలుసు, ముఖం తెలియదు.
నది అవతల మిరపతోటలో కూలి.
ఇవతల లచ్చుబాయి ఫోను భుజానికి నొక్కిపెట్టి
గంజి వారుస్తూ మాట్లాడుతుంది, ఆ ధార కూడా నా చెవిలోనే పడుతుంది.
అత్తకు తెలియకుండా దాచిన నాలుగు వేలు,
పిల్లవాడు పక్క తడపడం,
ఒక రాత్రి ఇద్దరూ ఏమీ అనుకోకుండా
పదకొండు నిమిషాలు ప్రాణహిత గాలిని వినడం.
దానికేం రాస్తాం? "మౌనం" అని రాశాను.
"సంకేతమా?" అని పక్కన ఎర్రసిరా అడిగింది.

నలభై మూడో రోజు ఆమె అంది:
"మందు తెచ్చిన. పోరనికి అందకుండ దూలం మీద పెట్టిన."

మనకు ఎన్ని మందులు!
దగ్గుకు మందు, చేనుకు మందు,
పెళ్లిలో మందు, బండ పగలగొట్టే మందు.
ఔషధ్ అని రాయొచ్చు.
దారూ అనీ రాయొచ్చు, తాగేదీ అదే, పేలేదీ అదే.
కరెంటు పోయేలా ఉంది. బయట సాహెబు బండి స్టార్టు చేశాడు.
చిన్న మాట రాసేశాను.

సాయంత్రానికే ఓదేలును పట్టుకున్నారు.
రాత్రంతా అడిగారు.
ఆ అడగడం నా చెవికి ఇవ్వలేదు,
దానికి రికార్డు లేదు.
తెల్లారి దూలం మీద దొరికింది
మిరపకు కొట్టే పురుగుల మందు, సగం డబ్బా.

కోర్టులో నన్ను పిలవలేదు. వరండాలో నిలబడ్డాను.
లోపల లాయరమ్మ ఒక్కటే అడుగుతోంది,
ఉత్తరువు ఏ తారీఖుదని.
నా మొదటి కాగితం
దానికి తొమ్మిది రోజులు పెద్దది.

వదిలేశారు. నేనూ ఆ గదికి పోవడం మానేశాను.

మొన్న మెడికల్ షాపు దగ్గర
వీపు వెనక అదే దగ్గు.
తిరిగితే ముఖం కనబడుతుంది.
తిరగలేదు. అదొక్కటైనా నేను తీసుకోనిది.
"ఏం కావాలె?" అన్నాడు షాపాయన.
మందు అనడానికి నోరు రాక
చీటీ మీద రాసిచ్చాను.