గింజల సీసా

జనవరి నీళ్ళకి పళ్ళుంటాయి.
నియోదో నది ఒడ్డున, మా కాగితాల కొట్టంలో,
ఇంకా చీకటుండగానే
తొట్టి మీద కట్టిన మంచు పలకని
గరిటె కాడతో పగలగొడతాను.
ఉడికి, నలిగి, పీచు పీచైన కోజో బెరడు
విరిగిన పాలలా తేలుతుంటుంది.
చేతులు ముంచుతాను.
నీళ్ళు కరుస్తాయి.

పెళ్ళై వచ్చిన మొదటి చలికాలం
నా వేళ్ళు
పాత గొడుగు మడతల్లా చిట్లాయి.
జల్లెడ పైకెత్తి, నీరు వార్చి, తెల్లటి పొర తిరగేస్తే
మూలన ఒక ఎర్రచుక్క.
చుక్క పడితే ఆ కాగితం చెడినట్టే.
ఆ రోజు పదకొండు చెడగొట్టాను.
అత్తగారు తోమె లెక్కపెట్టింది,
తిట్టలేదు. తిడితే బాగుండేది.

రాత్రి వంటింటి అటక మీంచి సీసా దించింది.
లోపల గింజలు.
యూజు పండ్ల గింజలు.

పండునైతే అందరూ పొగుడుతారు.
తొక్క పులుసులోకి, రసం చేప మీదికి.
ఏడాదిలో అన్నిటికన్నా పొద్దు తక్కువ రోజున
కాయలకి కాయలే వేడినీళ్ళ తొట్టిలో తేలి
ఇంటిల్లిపాదికీ ఒళ్ళు కడుగుతాయి.
గింజల్ని మాత్రం ఎవరూ అడగరు.
ఒక్కో పండులో గుప్పెడు,
నాలిక్కి తగిలితే చేదు,
ఉమ్మేస్తారు.

"కడక్కు" అంది తోమె.
"ఆ జిగురే మందు."
తడి గింజలు, అవి మునిగేంత షోచూ సారా,
వెలుగు తగలని మూల, పది పదిహేను రోజులు.
అప్పుడు సీసా వంచితే నీళ్ళలా పారదు,
ఆలోచించి ఆలోచించి జారుతుంది.

మొదట మండుతుంది, అబద్ధమెందుకు.
పగుళ్ళలో సారా పడితే
ఎప్పుడో పోయిన అమ్మమ్మ గుర్తొస్తుంది.
ఊదుకుంటూ కూర్చోవాలి.
తర్వాత ఆ జిగురు ఆరి
చేతి మీద ఇంకో పల్చటి చేయి తొడుగుతుంది.
మర్నాడు నీళ్ళు కరిచినా
పళ్ళు దిగవు.

చేపల అంగడి కికునో
రోజంతా ఉప్పులో, ఐసులో చేతులు పెట్టే మనిషి.
ప్రతి శీతాకాలం ఒక బుడ్డి పట్టుకెళ్తుంది.
ఖాళీ బుడ్డి తిరిగొచ్చినప్పుడు
దానితో రెండు ఎండుచేపలొస్తాయి.
ధర ఎంతని తను అడగలేదు,
నేను చెప్పలేదు.

మా ఆయన యాసుకిచి ఒక పండగ రాత్రి
ఇంట్లో సారా నిండుకుంటే
దీన్నే సగం తాగేశాడు.
తోమె చీపురు తీసింది.
"లోపల మాత్రం చర్మం ఉండదా అమ్మా?" అన్నాడు.

పోయిన నెల ఒసాకా నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
మెడలో కంపెనీ కార్డు, చేతిలో చిన్న సంచీ.
గింజల సారం, గాజు బుడ్డి, బంగారు మూత.
వెల చెబితే నేను టీ కప్పు కింద పెట్టాను.
"ముడతలు ఎన్నాళ్ళకి పోతాయండీ?"
పోవు నాయనా.
ముడతల పని ముడతలు చేసుకుంటాయి,
మంట పోతుంది.
అది రాసుకోలేదు.
నా చేతులు కిటికీ దగ్గర పెట్టించి ఫోటో తీశాడు.
కింద 'ముందు' అని రాసుకున్నాడు.
'తర్వాత' కోసం వసంతంలో వస్తానన్నాడు.

నలభై ఒక్క చలికాలాలు మందు పూసుకున్న చేతులు.
ఇదే తర్వాత అని
చెబుదామనుకునేలోపు బస్సొచ్చింది.

తోమె పోయి ఇరవయ్యేళ్ళు.
సీసా మూతికి ఆమె కట్టిన కాగితం
మొన్నటిదాకా ఉంది.
నేను చెడగొట్టిన పదకొండులో ఒకటి.
మూలన చుక్క, ఎరుపు పోయి టీ రంగుకి తిరిగింది.
అమ్మలేదు, పొయ్యిలో వెయ్యలేదు,
చదరంగా కత్తిరించి
దారంతో బిగించింది.
అప్పుడూ ఏమీ అనలేదు.

ఈ ఉదయం కొత్త గింజలు పోస్తుంటే
అది చిరిగింది.
ఇంకొకటి కట్టాలి.
అటకంతా వెతికాను, బీరువా అడుగున వెతికాను.
ఇంట్లో ఉన్నవన్నీ
చుక్కలేని కాగితాలే.