రోజుకి ఇరవై సార్లు

పర్లాకిమిడి బస్టాండులో
దాలయ్య కేకేస్తే
మలుపు దగ్గర టీ తాగుతున్నోళ్ళు
గ్లాసు సగంలో వదిలీసి పరిగెత్తీవోరు.

ఇప్పుడు గుణుపూర్ అంటే
"ఉనుపూ" అంటాడు.
ణ ఎక్కాల్సిన మెట్టు ఎక్కదు,
ర మొదటి మెట్టు మీదే కూలబడుతుంది.
పెదాల మీద పుట్టిన ప ఒక్కటీ నిలబడింది,
మహేంద్రతనయ పొంగి పోయాక
మిగిలిన గట్టురాయిలా.

డాక్టరు నాలుక చాపమంటే చాపేడు.
తిన్నగా రాలేదు,
జనం ఎక్కువైన బస్సులా
కుడిపక్కకి వొరిగిపోయింది.
"మాటలన్నీ లోపల బాగానే ఉన్నాయమ్మా,
నాలుకే తిరగట్లేదు."
లోపల ఉన్నాయని నాకు తెలుసు.
అన్నం ముద్ద కూడా ఆ పక్క దవడలోనే ఉండిపోతే
నేనే కదా వేలు పెట్టి తీసేది.

రేషను కొట్టు కుర్రాడు
"పొద్దున్నే ఏసీసి వొచ్చీసేడు" అన్నాడు.
ఈయన మళ్ళీ చెప్పేడు. గట్టిగా. ఇంకా గట్టిగా.
కుర్రాడు ఇంకా నవ్వేడు.
నేను ముందుకెళ్ళి చెప్పేను,
కిరసనాయిలు అడుగుతున్నారని.

ఒరియా పిల్లని నేను.
మోహన నుంచి వొచ్చిన కొత్తలో నాకు వ రాదు,
వంకాయ నా నోట్లో బంకాయ.
ఆడపడుచులు నవ్వీవోరు.
ఈయనా నవ్వేడు, అబద్ధమెందుకు.
ఇప్పుడు ఈయన తెలుగుని
తెలుగోళ్ళకి తెలుగులో చెప్పేది నేను.
అన్నీ నాకూ తెలీవు.
నిన్న "ఇయ్యు" అన్నాడు.
నీళ్ళు తెచ్చేను, కాదు.
కిటికీ తీసేను, కాదు.
గోడవైపు తిరిగి పడుకున్నాడు.
అదేటో నాకింకా తెల్దు.

బరంపురం నుంచి వొచ్చే అమ్మాయి
నాలుక కసరత్తు చెప్పింది.
పైపళ్ళ వెనక ఆనించు, వదులు.
తొందరపడకు, ముక్కముక్కా విరిచి పలుకు.
"మీ ఆవిడ పేరు ప్రమీల కదా,
అందులో ర ఉంది, ల ఉంది.
రోజుకి ఇరవై సార్లు."

ఇరవై ఆరేళ్ళు
ఒలే అన్నాడు, ఇదిగో అన్నాడు.
ఊళ్ళన్నిటినీ పేరుపెట్టి కేకేసినోడు
నన్ను ఒక్కసారీ పేరుతో పిలవలేదు.

పొద్దున్న ఏడు. చేతద్దం నేను పట్టుకున్నాను.
పమీయ.
పమీయ.
మూతి తుడిచేను. మళ్ళీ.
పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన.
పదకొండోసారి
ల తగిలినట్టే ఉంది,
లేకపోతే నేనే అలా విన్నానేమో.
ఇంకా తొమ్మిది ఉన్నాయి.
నేను లేవలేదు.