అరంగుళం

ముప్పయ్యేళ్ళుగా కాజాలు కుడుతున్నాను
పూర్ణా మార్కెట్ వెనక, మెట్లకింది గదిలో.
ఒక్కోటి రూపాయిన్నర.
తినే కాజాలు కావు డాక్టరమ్మా,
చొక్కాకి బొత్తాం దూరేవి.

నాకు ఆగిపోయి తొమ్మిదేళ్ళు.
దాచుకున్న గుడ్డలన్నీ మసిగుడ్డలైపోయాయి.
ఈ ఆషాఢంలో, కంచరపాలెంలో బస్సు దిగి
ఇంటికెళ్ళి చూసుకుంటే
లంగా మీద వక్కంత మరక.
వయసు గానీ తిరిగొస్తోందా అని
ఒక పిచ్చి నవ్వు నవ్వుకున్నాను.
ఆ తర్వాత నెల్లాళ్ళు నవ్వలేదు, ఎవరికీ చెప్పలేదు.
కత్తిరింపు ముక్కలకి నా దగ్గర కొదవా?

పట్టేసింది రమీజా, బొత్తాలు కుట్టే మనిషి.
"ఏటే నూకరత్నం, ఇయాల ఎర్రబట్ట పని నేదు గదా,
పీట మీద ఎరుపేటి?"
చెవిలోనే అడిగింది.
మర్నాడు కూలి మానుకుని
నన్ను ఆసుపత్రి ఎత్తు ఎక్కించింది.

తెరమీద బూడిదరంగు పొగ.
అందులో నిమ్మకాయంత ఒకటి,
దానికి ఆనుకుని ఉసిరికాయంత ఇంకొకటి.
ముట్లుడిగాక పెరిగేదాన్ని
ఊరికే వదలకూడదంది హైమవతి డాక్టరు.
ముక్క తీసి పరీక్షకి పంపారు.
ఆ పదిరోజులూ నేను కుట్టిన కాజాలన్నీ వంకర.
తేలలేదన్నారు. తీసేయడమే మేలన్నారు.

మా అమ్మకి ఇదే వస్తే
బొడ్డుకింద నిలువునా కోశారు,
బస్తా మూతి విప్పినట్టు.
అందుకే అడిగాను, ఎంత కోస్తారని.
ఆవిడ కాగితం మీద మూడు గీతలు గీసింది.
పెద్దది అరంగుళం.
అరంగుళం! అది నా కొలత.
"కాజాలోంచి గర్భసంచి ఎలా వస్తుందమ్మా?"
"పిల్లలు వచ్చిన దారినే" అంది.

ముగ్గురు వచ్చారు ఆ దారిన.
నర్సు ఇద్దరనే రాసుకుంది.
నేను దిద్దించాను.

బీచిలో ఒడ్డెక్కించిన జలాంతర్గామిని చూశానొకసారి.
నీళ్ళ కింద దాగి, ఒక్క గొట్టం పైకి పెట్టి
లోకాన్ని చూసేదట.
అలాంటి కన్నున్న గొట్టమే
తలకిందులుగా నా బొడ్డులో దిగిందట.
ఏం చూసిందో నాకు తెలీదు. నిద్రలో ఉన్నాను.

లేచాక కడుపు కాదు, భుజం నొప్పి.
కడుపు కోస్తే భుజమేటి?
చోటు కోసం లోపల గాలి నింపారట,
పోతూ పోతూ అది అక్కడ సలిపిందట.
అద్దెకున్న ప్రతివాళ్ళూ అంతేలే అన్నాను.
మూడోనాడు పంపేశారు.
గతుకు వచ్చినప్పుడల్లా
రమీజా ఆటోవాణ్ణి ఉర్దూలో తిట్టింది.

పదోరోజు రిపోర్టు వచ్చింది. చెడ్డ గడ్డ కాదు.
డాక్టరు ఆ మాట చెబుతుంటే
నేను పైట తొలగించి కుట్లు చూసుకుంటున్నాను.
బొడ్డు దగ్గరిది బిగువుగా కుదిరింది.
ఎడమవైపుది పర్వాలేదు.
"మూడోదానికి తొందరపడ్డారమ్మా,
దారం కొస లోపలికి దోపాలి" అన్నాను.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.
"ఎలా?" అంది.

రమీజా అప్పటికే సంచిలో
సూది కోసం వెతుకుతోంది.